అత్తగారి ఉల్లి, ఆడపడుచు కత్తెర

ఉత్తరాది చలిదేశంలో పెయిప్సి సరస్సు పడమటి ఒడ్డున, గడ్డం గీయని పాతాచార క్రైస్తవుల ఊళ్ళో, ఇళ్ళకంటే ఉల్లిమళ్ళే ఎక్కువగా ఉన్న వీధి. జూలై నెల, పొద్దుటి పూట. ఎవ్లాంపియా చేనంతా నడుమెత్తున తెల్లగా పూసి ఉంది. పూస్తే గడ్డ ఊరదు; ఉల్లి పండించే ఊళ్ళో ఉల్లి పూయడాన్ని మించిన తలవంపు లేదు. ఆ తలవంపు పడాల్సిన మనిషి మాత్రం అరుగు మీద టీ కాచే సమోవార్ పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది. గేటు దగ్గర ఆమె ఆడపడుచు అన్ఫీసా నిలబడి ఉంది.

"చేతులు వెనక్కి పెట్టుకున్నావేంటి అన్ఫీసా? ఏం దాచావు?"

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే ముందుకి పెట్టు."

"కత్తెరే. ఊరికే... దారిలో పనికొస్తుందని."

"మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఆరు గుమ్మాలు. ఆ దారిలో గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో ఏం పని? ఎవరి గడ్డమైనా కత్తిరిద్దామనా?"

"పాపం పాపం. పొద్దున్నే ఏం మాటలవి. మన మగాళ్ళ గడ్డం జోలికి ఎవరైనా పోతారా."

"మరైతే కూర్చో. టీ పోస్తాను. ఆ కత్తెర మెట్టు కింద పెట్టు. నిన్ను చూసి నా చేను వణుకుతోంది."

"వణకాల్సిందే. సిగ్గుండాలి దానికి. ఎలా పూసిందో చూడు, అడ్డూ ఆపూ లేకుండా. ఊరంతా దీని గురించే. మొన్న ప్రార్థనలో పెద్దాయన చదువుతూ చదువుతూ ఆగిపోయి, కిటికీలోంచి నీ చేను వైపు చూశాడు."

"ఆయన చూసింది చేను వైపు కాదు. పక్క పెరట్లో బట్టలారేస్తున్న దార్యా వైపు."

"వదినా."

"నేనూ ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. చక్కెర వెయ్యనా, పంటి కింద పెట్టుకుంటావా?"

"పెట్టుకోవడానికి పళ్ళేవి? గ్లాసులో వేసెయ్. విను, నీ మంచి కోరి చెబుతున్నా. ఈ పూల తలలన్నీ కోసేద్దాం. నేనూ ఓ చెయ్యి వేస్తాను. మధ్యాహ్నానికి అయిపోతుంది. అప్పుడు దూరం నుంచి చూసేవాళ్ళకి మామూలు చేనే అనిపిస్తుంది."

"తలలు లేని చేను మామూలుగా అనిపిస్తుందా?"

"పూసినదానికంటే నయం."

"నాకు బాగానే ఉంది. పెళ్ళివారు దిగినట్టుంది. ఆ తేనెటీగలు చూడు, ఎంత సంబరంగా ఉన్నాయో."

"అదే. ఆ తేనెటీగలే."

"తేనెటీగలకేం?"

"కుడతాయి."

"ఎవర్ని?"

"ఎవర్నైనా. చిన్నపిల్లల్ని."

"ఈ వీధిలో అందరికంటే చిన్నవాడు మకార్. వాడికి అరవై దాటాయి."

"ఆ... అన్నయ్య కనబడడేం?"

"సరస్సు మీద. తొలి మొగ్గ కనబడిన రోజు పడవెక్కాడు. తిండికి తప్ప ఒడ్డుకి రావట్లేదు. నిన్న వచ్చి గుమ్మంలో నిలబడే తిన్నాడు, బూట్లు కూడా విప్పకుండా."

"పాపం అన్నయ్య."

"ఏ వైపు నుంచి చూస్తే పాపం? నేను తుంటి మార్పించుకోవడానికి తార్తు ఆసుపత్రికి వెళ్తూ ఏం చెప్పాను? సవ్వాతీ, పొయ్యి మీద వేలాడే సంచుల్లో పిల్లగడ్డలున్నాయి, వసంతంలో నాటాల్సినవి, వాటికి చలి తగలనివ్వకు. నేలమాళిగలో పెట్టెలో తల్లిగడ్డలున్నాయి, విత్తనానికి ఉంచినవి, వాటికి వెచ్చదనం తగలనివ్వకు. ఇవి పైన, అవి కింద. ఇంతకంటే సులువుగా చెప్పాలంటే పాట కట్టాలి."

"మర్చిపోయి ఉంటాడు."

"మర్చిపోతే బాగుండేది. ఆలోచించాడు. పొయ్యి మీద చేపలు ఆరబెట్టుకోవాలి, సంచులు అడ్డం. అందుకని సంచులు తీసుకెళ్ళి చలి వసారాలో తగిలించాడు. నేను వచ్చే ముందు మళ్ళీ తెచ్చి, ఏ మేకుకి ఏ సంచి ఉండేదో గుర్తుపెట్టుకుని మరీ పొయ్యి మీద తగిలించాడు. నేను ఇంట్లో అడుగుపెట్టి సంచులు చూసి, ఎంత బాగా చూసుకున్నావయ్యా అని ముద్దు కూడా పెట్టాను."

"నువ్వా?"

"మత్తుమందు ఇంకా దిగలేదు."

"సంచులకి చేపల వాసన రాలేదా?"

"ఆయనకే వస్తుంది చేపల వాసన, పెళ్ళయినప్పటి నుంచీ. ఇక సంచి వాసన నాకేం తెలుస్తుంది. ఆయన నోరు మూసుకున్నాడు. జూన్‌లో చేను నోరు విప్పింది."

"మరి నేలమాళిగలో తల్లిగడ్డలు? అవైనా..."

"అవి చల్లగానే ఉన్నాయి. ఒక్కొక్కటిగా చేపల పులుసులో పడేదాకా."

"తినేశాడా?"

"పెద్దవి కదా, తొక్క తీయడం సులువు అన్నాడు. ఆ మాట ఇప్పుడన్నాడు. ఏప్రిల్‌లో నాటుదామని పెట్టె తెరిస్తే అడుగున తొక్కలున్నాయి. ఎలకలన్నాడు."

"ఎలకలు తొక్క తీసుకుని తింటాయా?"

"నేనూ అదే అడిగాను. సరస్సు ఒడ్డు ఎలకలు శుభ్రంగా ఉంటాయన్నాడు."

"పోయినేటి గింజ ఉంటుంది కదా వదినా. కొంచెమైనా."

"పోయినేటి వానలకి గుత్తులన్నీ బూజు పట్టాయి. అంతకు ముందేటి పాత గింజ ఉంటే వసంతంలో చల్లాను. గడ్డి మొలిచింది. ఉల్లిగింజ సంగతి నీకు తెలియనిదా, ఏడాది దాటితే అది ఆవగింజకి కూడా సాటిరాదు."

"అంటే..."

"అంటే ఇంతే. మీ అమ్మ, ఆవిడ అత్తగారు, ఆవిడకి అత్తగారు. గడ్డాలు గీయమన్నవాళ్ళ నుంచి పారిపోయి ఈ ఒడ్డుకి గడ్డాలతో పాటు తెచ్చుకున్న ఉల్లి. జార్ చక్రవర్తి పోయినా పోలేదు. సమిష్టి వ్యవసాయ క్షేత్రం వచ్చినా పోలేదు, అది పోయినా పోలేదు. మీ అన్న ఒక్క చలికాలంలో రొట్టెతో నంజుకున్నాడు."

"మరేం చేస్తావు?"

"చేసేదేముంది. దేవుడిచ్చిన పూత ఉంది కదా ఎదురుగా. ఆగస్టుకి గింజ కడుతుంది. అదే తీస్తాను."

"వేటి నుంచి?"

"వీటి నుంచే."

"ఈ లేచిపోయినవాటి నుంచా?"

"గింజ గింజే కదా."

"వదినా, తుంటితో పాటు బుర్ర కూడా మార్చారా నీకు? తొందరపడి పూసినదాని గింజ వేస్తే మళ్ళీ తొందరపడేదే పుడుతుంది. గడ్డ కట్టదు, కట్టినా నిలవ ఉండదు. చేలో పూసిన మొక్క ఒక్కటి కనబడితే అమ్మ పీకి ఆవుకి వేసేది. ఆవు వైపు కూడా చూడకుండా వేసేది, సిగ్గుతో."

"మీ అమ్మ కాలం వేరు."

"అమ్మ పైనుంచి చూస్తోంది. నీ మాటలూ వింటోంది."

"వింటే వింటుందేమో. చూడటం మాత్రం చూడదు. కింద ఉన్నప్పుడే చూపు ఆనేది కాదు ఆవిడకి. నీ పెళ్ళయిన ఏడు, వీధిలో గడ్డం కనబడిందని ఫ్యోక్లా వాళ్ళ మేకకి నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది, పెద్దాయన అనుకుని."

"మేక కూడా తల ఊపింది కదా."

"ఊపింది. అందుకే ఆవిడకి అనుమానం రాలేదు."

"నవ్వించకు నన్ను. నేను నవ్వడానికి రాలేదు. సరే, నీ చేను నీ ఇష్టం. కానీ గాలి అందరిదీ కదా. ఈ తేనెటీగలు ఇక్కడి పుప్పొడి కాళ్ళకి పూసుకుని ఎక్కడెక్కడికో పోతాయి."

"పోనీ. ఎక్కడికి?"

"ఎక్కడికో. విత్తనానికి గడ్డలు నాటుకున్నవాళ్ళ పూల మీదకి. వాళ్ళ గింజ కూడా చెడిపోదా?"

"ఈ వరసలో విత్తనానికి నాటుకున్నవాళ్ళెవరు? నేను తప్ప అందరివీ దుకాణం గడ్డలే. నీవి డచ్చివి. డచ్చి గడ్డకి గింజ తీసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? నీకేం నష్టం?"

"నాకేం నష్టం. నాకేం లేదు. ఊరి కోసం చెబుతున్నా."

"ఊరి మీద నీకీ ప్రేమ ఎప్పుడు పుట్టింది? పోయినేడు వీధిలో అందరూ కూర్చునే బల్లకి రెండు చెక్కలడిగితే తలనొప్పని పడుకున్నావు."

"తలనొప్పే."

"అన్నట్టు, మీ ముందుగది కిటికీకి తెరలేవి?"

"ఉతకడానికి తీశాను."

"ట్రినిటీ పండగ ముందు తీశావు, నెల దాటింది."

"బాగా మురికిగా ఉన్నాయి."

"మంచి లేసు తెరలు. మీ ఆయన లవ్రేంతి, పాపం, టాలిన్ నుంచి మోసుకొచ్చాడు. నిన్న మీ స్నానాల గది వెనక కనబడ్డాయి. ఏవో మొక్కల మీద కప్పి ఉన్నాయి. ముసుగేసుకున్న పెళ్ళికూతుళ్ళలాగా వరసగా."

"నా స్నానాల గది వెనక నీకేం పని?"

"కొత్త తుంటి కదా. బాగా నడవమన్నారు."

"బంగాళదుంప మళ్ళు తొక్కుకుంటూ నడవమన్నారా?"

"నేల మెత్తగా ఉన్నచోట నడవమన్నారు. ఏం మొక్కలవి?"

"గులాబీలు."

"బంతిలా గుండ్రంగా, తెల్లగా, కింద బోలుకాడ."

"కొత్త రకం."

"అవీ డచ్చివేనా?"

"డచ్చివే."

"గులాబీలకి ముసుగెందుకు?"

"ఎండకి వాడిపోతాయని."

"మన ఒడ్డున. ఎండకి."

"ఒక్కోరోజు కాస్తుంది."

"సరే, తెర ఉంది కదా. ఇక తేనెటీగలు వచ్చినా నీ గులాబీలకి భయమేముంది?"

"పిల్లి చించింది. మూల దగ్గర, ఈగ దూరేంత. కుట్టాను, మళ్ళీ చించింది. రోజూ పొద్దున్నే ముసుగు తీసి, ఒక్కోదాన్నీ కుందేలు తోకతో నిమిరి, మళ్ళీ కప్పేసరికి..."

"గులాబీల్ని కుందేలు తోకతో నిమురుతావా?"

"అలా నిమిరితే బాగా పెరుగుతాయంట."

"ఎవరన్నారు?"

"రేడియోలో."

అప్పుడు సైకిల్ మీద పోతున్న ఒక టాలిన్ పట్నం అమ్మాయి గేటు దగ్గర ఆగింది.

"నమస్కారమండీ. ఇవేం పూలు? ఎంత బాగున్నాయో."

"ఉల్లిపూలమ్మా."

"ఉల్లికి ఇంత అందమైన పూలుంటాయా? మరి వీధిలో ఇంకెవరి చేలోనూ లేవే?"

"వాళ్ళకి అంత రసికత లేదు."

"వదినా, నిజం చెప్పు పిల్లకి."

"చెబుతున్నా ఉండు. అమ్మాయీ, ఉల్లిగింజ వేసిన ఏడాది గోలీ అంత గడ్డ అవుతుంది. ఆ గోలీల్ని చలికాలమంతా పొయ్యి మీద వెచ్చగా పడుకోబెడితే, మరుసటి ఏడు హాయిగా తిని ఒళ్ళు చేస్తాయి. చలి తగిలిందనుకో, ఇక చావు దగ్గరపడిందనుకుంటాయి. ఉన్నపళంగా పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనే పనిలో పడతాయి. ఇవి చలి తగిలినవి."

"అయ్యో. చలి ఎలా తగిలిందండీ?"

"మొగుడి వల్ల."

"ఒకటి కోసుకోవచ్చా? గదిలో పెట్టుకుంటాను."

"కోసుకో తల్లీ, కోసుకో. ఇదిగో కత్తెర. ఎన్ని కావాలంటే అన్ని."

"అన్ఫీసా, చేను నాది."

"నువ్వు కాదంటావా వదినా, అతిథి కదా. తల్లీ, మొగ్గలొద్దు, విచ్చినవి కోసుకో. బాగా విచ్చినవి. అదిగో, ఆ వరసంతా విచ్చాయి. ఈ వరస కూడా. నీతో స్నేహితులెవరూ రాలేదా? వెనకాల బస్సేమైనా వస్తోందా?"

"లేదండీ, నేనొక్కదాన్నే. నాకొక గుత్తి చాలు."

"ఒకటేంటి మరీ. సైకిల్‌కి ముందో బుట్ట, వెనకో బుట్ట ఉన్నాయి కదా."

"గదిలో వాసనొస్తుందేమోనండీ."

"ఏమీ రాదు. కొంచెం వస్తుంది. అలవాటైపోతుంది."

"ఏమివ్వమంటారు?"

"ఏమీ వద్దు. వెళ్ళి నలుగురికీ చెప్పు. ఊరికే ఇస్తున్నారని చెప్పు. కత్తెరలు కూడా తెచ్చుకోమను."

"అమ్మాయీ, టీ తాగి వెళ్ళు. అన్ఫీసా, ఆ గ్లాసు కాదు, బయటివాళ్ళకి విడిగా ఉంచిన కప్పు ఇవ్వు."

"వద్దండీ, చాలా దూరం తొక్కాలి. ఎంత మంచివాళ్ళండీ మీరిద్దరూ. అక్కచెల్లెళ్ళా?"

"కాదమ్మా. అంత చేదు లేదు మా మధ్య. వదినా ఆడపడుచులం."

సైకిల్ ఇంకా కనుమరుగు కాకముందే పెరటి వైపు నుంచి దగ్గు వినిపించింది.

"ఎవ్లాంపియా. లోపలికి రావచ్చా?"

"ఎవరది?"

"నేనే. సవ్వాతిని."

"ఆ పేరుగలాయన సరస్సు మీద ఉంటాడు."

"చేపలు తెచ్చాను. చాలా పెద్దవి. అన్ఫీసా కూడా ఉందా? బాగున్నావా చెల్లీ?"

"నేను బాగానే ఉన్నాను అన్నయ్యా. నీ గురించే అనుకుంటున్నాం."

"మంచిగానేనా?"

"రొట్టె కావాలా నీకు? ఇదిగో తీసుకో. మెట్టెక్కకు. అక్కడి నుంచే అందుకో."

"ఎవ్లాంపియా, కోప్పడనంటే ఓ మాట."

"కోప్పడతాను. అడుగు."

"పడవలో పులుసు పెట్టుకున్నాను. చేపలున్నాయి, ఉప్పుంది. ఒక ఉల్లిపాయ..."

"అన్ఫీసా, ఆ కత్తెర ఇటు ఇవ్వు."

"వద్దు వద్దు, వెళ్తున్నా. లేకపోయినా ఫరవాలేదు. చెల్లీ, నీ దగ్గరైనా ఒకటి దొరుకుతుందా? నీ డచ్చి ఉల్లి పులుసులో వేస్తే అచ్చం అమ్మ చేసినట్టే ఉంటుంది."

"అన్నయ్యా, నువ్వు పడవ దగ్గరికి వెళ్ళు."

"నిజంగానే. మొన్న కళ్ళు మూసుకుని తిన్నాను, అమ్మ వచ్చి నెత్తి మీద గరిటెతో కొట్టినట్టే అనిపించింది."

"వెళ్ళమన్నానా."

"వెళ్తున్నా, వెళ్తున్నా. పూలు మాత్రం బాగున్నాయి ఎవ్లాంపియా."

"సవ్వాతీ."

"వెళ్ళిపోయాను."

"విన్నావా అన్ఫీసా? డచ్చి ఉల్లి. అచ్చం అమ్మ చేసినట్టే."

"ఆయన నాలుక సంగతి నీకు తెలియదా. గంజికీ పాయసానికీ తేడా తెలీదు."

"ప్రతి ఏప్రిల్‌లోనూ దుకాణం నుంచి డచ్చి గడ్డల సంచి తెస్తావు. బస్సు మా గుమ్మం ముందే ఆపించుకుంటావు. సంచి మీద గాలిమర బొమ్మ అందరికీ కనబడేలా గుండెకి ఆనించుకుని, ఊరేగింపులో దేవుడి పటం పట్టుకున్నట్టు వీధి పొడవునా నడుస్తావు."

"బరువుగా ఉంటుంది, అందుకని."

"తర్వాత ఆ గడ్డలేమవుతాయి?"

"నాటుతాను."

"ఎక్కడ?"

"మట్టిలో."

"ఏప్రిల్ అంతా మీ కోళ్ళు ఉల్లివాసన గుడ్లు పెడతాయి అన్ఫీసా. ఈస్టరుకి నువ్విచ్చిన గుడ్డు తిని మీ అన్నకి కన్నీళ్ళొచ్చాయి. భక్తి అనుకున్నాడు."

"కోళ్ళు ఏదో తింటాయి. కోళ్ళకి చెప్పగలమా."

"డచ్చి ఉల్లి క్రిస్మస్ దాటితే మెత్తబడి కారుతుంది. నీ అటక మీద ఉల్లిజడలు ఎండాకాలం దాకా గలగలలాడుతూ వేలాడతాయి."

"మా అటక మంచిది. పొగ బాగా తగులుతుంది."

"చదును గడ్డ, ఎర్రటి పొర, సన్నటి మెడ."

"మా మట్టి మంచిది."

"కోస్తే మీ అమ్మ తిట్టినప్పుడు వచ్చేంత ఏడుపు."

"నా ఉల్లి నువ్వెప్పుడు కోశావు?"

"మీ ఆయన దినానికి. నలుగురం కూర్చుని కోశాం. లవ్రేంతి అంటే ఊళ్ళో ఇంత ప్రేమా అని అందరూ ఆశ్చర్యపోయారు."

"ఛ. పోయినవాళ్ళ మీద కూడానా నీ నోరు."

"పోయినాయన బతికుంటే ముందు ఆయనే నవ్వేవాడు."

"నవ్వేవాడులే. అంటే... అంటే నీకు తెలుసన్నమాట."

"నాకేం తెలుసు? నాకేమీ తెలీదు. నీవి డచ్చివి. నావి పూశాయి. ఆగస్టులో గింజ తీస్తాను. ఇకనుంచి మీ అమ్మ ఉల్లి ప్రతి ఏడూ ఇలాగే పూస్తుంది. టాలిన్ పిల్లలొచ్చి ఫోటోలు తీసుకుంటారు. మనకి తినడానికి దుకాణం ఉంది."

"వదినా."

"టీ చల్లారిపోతోంది."

"వదినా, అవి కొయ్యి. బతిమాలుకుంటున్నా."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను."

"ఒక్క కారణం చెప్పు. తేనెటీగలు పిల్లల్ని కుడతాయన్నావు. పెద్దాయన చదవడం ఆపాడన్నావు. ఊరన్నావు, గాలన్నావు. ఇంకేమైనా మిగిలిందా?"

"మిగిలింది."

"చెప్పు మరి."

"నావి డచ్చివి కావు."

"మరేవి?"

"నీకు తెలుసు."

"నీ నోటితో చెప్పు."

"అమ్మవి. అమ్మ ఉల్లి. సరేనా? స్నానాల గది వెనక ముసుగులో ఉన్నవి, రోజూ కుందేలు తోకతో నేను పుప్పొడి అంటిస్తున్నవి, అమ్మ ఉల్లి తల్లిగడ్డలు. పోయినేడు వానలకి గుత్తులు పచ్చిగానే కోసుకొచ్చి పొయ్యి పక్కన ఆరబెట్టి దక్కించుకున్న గింజంతా వసంతంలో చల్లేశాను. నీవి పోయాక ఈ ఒడ్డు మొత్తం మీద విత్తనానికి మిగిలినవి అవే. నీ చేను పుప్పొడి వాటి మీద పడితే అవీ చెడతాయి. ఇక ఎక్కడా ఉండదు. అమ్మ ఉల్లి ఇక ఎక్కడా ఉండదు. చాలా?"

"చాలు. కొడవలి తలుపు వెనకాల ఉంది. పొద్దున్నే నూరి పెట్టాను."

"పొద్దున్నేనా?"

"నువ్వు గొర్రెల కత్తెరతో వస్తావని నాకేం తెలుసు. దానితో కోస్తే మంచు పడేదాకా కోస్తూనే ఉంటాం."

"అంటే ముందే కోసేద్దామనుకున్నావా?"

"లేచిపోయినవాటి గింజ తీసేంత పిచ్చిదాన్నా? వాళ్ళు మార్చింది తుంటి ఒక్కటే."

"మరి ఇంతసేపూ నన్ను ఇలా పిండావేంటి?"

"పిండితే గానీ దిగలేదు కదా."

"ఆగస్టులో గింజ రాలగానే సగం నీకిచ్చేస్తాను."

"నేనడగలేదు."

"అడగలేదు. నేనే ఇస్తున్నా."

"అడగలేదన్న సంగతి గుర్తుపెట్టుకో. రేపు బావి దగ్గర ఇంకోలా చెబుతావు."

"చెప్పను. కానీ నువ్విప్పుడు మనసులో ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. దొంగ అనుకుంటున్నావు."

"ఇంటి గింజ గడప దాటకూడదు. కోడలికే గానీ కూతురికి లేదు. మీ అమ్మ నన్ను దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. చుట్టానికివ్వను, పక్కింటికివ్వను, కడుపున పుట్టిన కూతురడిగినా ఇవ్వను అని. అంత కాపలా ఉన్న గింజ ఆరు గుమ్మాల అవతలికి ఎలా నడిచిందో."

"నడవలేదు. నేను దొంగిలించలేదు వదినా. దేవుడి సాక్షిగా."

"రెండు వేళ్ళతో సిలువ వేసుకుని చెప్పు."

"ఇదిగో రెండు వేళ్ళు. అమ్మే ఇచ్చింది."

"ఓహో."

"నమ్మవు. నమ్మవనే ఇన్నేళ్ళూ చెప్పలేదు. పెళ్ళికిచ్చిన తలగుడ్డ అంచులో గింజ పెట్టి కుట్టేసింది. ఇంటిల్లిపాదీ ప్రార్థనకి వెళ్ళినప్పుడు ఒక్కతే కూర్చుని కుట్టిందట. నన్ను పెళ్ళిబండి ఎక్కిస్తూ చెవిలో చెప్పింది. అక్కడికెళ్ళాక అంచు విప్పి చూసుకో, మీ వదినకి మాత్రం జన్మలో చెప్పకు, దానిచేత అన్ని ఒట్లు వేయించాను, తెలిస్తే బాధపడుతుంది అంది."

"కూతురికి లేదన్నావిడ కూతురికెందుకిచ్చిందో."

"అన్నయ్య వల్ల. వాడు ఆకలేస్తే తాళంచెవి కూడా నమిలేస్తాడు, ఒక్క ఇంట్లోనే ఉంచితే ఏదో ఓ ఏడు పులుసులోకి పోతుంది అంది."

"కన్నతల్లి కదా. తెలుస్తుంది."

"నువ్వింకా నమ్మినట్టు లేవు. కావాలంటే ఆ తలగుడ్డ చూపిస్తాను. నా పెట్టె అడుగునే ఉంది, ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు. లవ్రేంతికి కూడా. అంచు కుట్టు అమ్మదే, వంకరగా ఉంటుంది."

"నీలం దారమా?"

"నీలమే. ముదురు నీలం."

"చివర ముడి దగ్గర రెండుసార్లు తిప్పి ఉంటుంది."

"ఉంటుంది. నీకెలా తెలుసు? వదినా, నా పెట్టె కూడా తెరిచావా నువ్వు?"

"మీ అమ్మ మేకకి దణ్ణం పెట్టిన ఏడాది అది అన్ఫీసా. ఆ సూదిలోకి దారం ఎవరెక్కించారనుకున్నావు?"